దండ దారిలో నేనాడిన బేరాలు

చైత్రమాసంలో గంజాం జిల్లా చూడాలనుకునేవాళ్ళకి ఒకటే మాట. మిట్టమధ్యాహ్నం అక్కడి నేల మీద చెప్పులు విప్పి ఒక్క నిమిషం నిలబడండి. భక్తి గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

నేను వెళ్ళింది భక్తితో కాదు. నరసన్నపేటలో మా నాన్నది స్టీలు సామాన్ల దుకాణం, మా తాతదీ అదే. మా ఇంట్లో దేవుడు పాత కొనుగోలుదారు లాంటివాడు. వస్తే కుర్చీ వేస్తాం, రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళం. పెళ్ళై ముప్ఫయ్యేళ్ళయినా నాకు ఆ దుకాణం బుద్ధి పోలేదు. ఆసుపత్రిలో పురుడు పోసిన డాక్టరమ్మ దగ్గర కూడా ఫీజు తగ్గించమన్నదాన్ని.

బరంపురంలో ఉన్న మా చెల్లి సావిత్రి ఫోన్ చేసి ఏడ్చింది కాబట్టి వెళ్ళాను. దాని భర్త శంకరానికి అక్కడ పప్పుల హోల్‌సేలు వ్యాపారం. షుగరు మనిషి. ఎడమ పాదం కింద మానని పుండు. అలాంటివాడు దండ కట్టాడు.

దండ అంటే తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మేష సంక్రమణానికి ముందు పదమూడు రోజులు, మొక్కున్న మగవాళ్ళు ఇల్లు వదిలి, కావిగుడ్డ కట్టి, కాళీమాత పేరు చెప్పుకుంటూ ఊరూరా ఉత్త కాళ్ళతో నడుస్తారు. ఎండ నడినెత్తి మీద ఉండగా మట్టిలో దొర్లుతారు. రోజుకి ఒక్క పూట, పొద్దు వాలకముందు తింటారు. వాళ్ళని భోక్తలంటారు. మా దుకాణాలవాళ్ళు అలాంటి గుంపు వస్తే బియ్యం, బెల్లం ఇచ్చి దండం పెట్టేవాళ్ళే గానీ దొర్లినవాళ్ళు లేరు.

"నీ మాటయితే ఇంటాడు అప్పా, నువ్వొచ్చి దించు," అంది సావిత్రి. మా వైపు అక్కని అప్ప అంటాం.

పలాస దాటాక

రైల్లో జీడిపప్పు అమ్మేవాడు పావుకిలో రెండువందల అరవై అన్నాడు. రెండువందల పదికి దించి, గెలిచాననుకుని పొట్లం విప్పితే కింద సగం బద్దలే. శకునం సరిగ్గానే చెప్పింది, నేనే వినలేదు.

ఎదురు సీటులో ఖల్లికోట వెళ్ళే ముసలావిడ, ఎండుచేపల బుట్టతో. ఒడియా ఆవిడ. నాకు ఒడియా బేరానికి సరిపడా వచ్చు. కాసేపట్లోనే కలిసిపోయి, తన దోసకాయ విరిచి సగం నాకిచ్చింది. ఎక్కడికి అంటే, దండ కట్టిన మరిదిని దించడానికి అన్నాను. ఆవిడ నన్ను కింద నుంచి పైకి చూసి, రెండో సగం తినకుండా సంచిలో దాచుకుంది. కాళ్ళు కూడా దగ్గరికి ముడుచుకుంది. ఇచ్ఛాపురం దాటినా మళ్ళీ మాట్లాడలేదు.

నేను కిటికీలోంచి చూస్తూ ప్రశ్నలు తయారు చేసుకున్నాను. పక్క దుకాణంలో కొనబోయేవాణ్ణి ఆపాలంటే ఆ సరుకుని తిట్టకూడదు, వాడి అవసరాన్ని వాడిచేతే అనుమానింపజేయాలి. దుకాణంలో నేర్చుకున్న పాఠం నమ్మకానికీ పనికొస్తుందనుకున్నాను.

లంజిపల్లి

బరంపురం స్టేషన్ దగ్గర, సావిత్రి వాళ్ళుండే లంజిపల్లికి ఆటో నూట ఇరవై అన్నాడు, ఎనభైకి ఒప్పించాను. అతను ఆ నలభైకి సరిపడా దూరం ముందే దించేసి పోయాడు. సూట్‌కేసు లాక్కుంటూ రెండు వీధులు నడిచాను.

సావిత్రి ఉప్మా మీద గుగ్ని, అంటే బఠానీల కూర, పోసి పెట్టింది. అక్కడ ఉప్మాని అలాగే తింటారు. మనం పచ్చడి కోసం వెతుక్కుంటాం. మధ్యాహ్నం పఖాళ. అది మన చద్దన్నమే గానీ, మనం పేదరికం కింద దాచుకునే తిండిని వాళ్ళు పెద్ద కంచంలో, వేయించిన వడియాలతో, చుట్టానికి మర్యాదగా పెడతారు.

తింటుండగా మొక్కు కథ చెప్పింది. రెండేళ్ళ కిందట వానాకాలంలో వాళ్ళ కూతురు బానుకి మెదడుకి జ్వరం ఎక్కింది. పదకొండేళ్ళ పిల్ల, మూడు రోజులు కళ్ళు తెరవలేదు. ఆశ లేదన్నారు. శంకరం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, పిల్ల కళ్ళు తెరిస్తే మూడేళ్ళు దండ కడతానని మొక్కాడు. తెల్లారి పిల్ల కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. నిరుడు మొదటి దండలోనే అతని పాదం చీరుకుంది. ఇది రెండోది. బయల్దేరే రోజు నుంచి షుగర్ బిళ్ళలు కూడా మానేశాడు.

బాను పక్క గదిలో లెక్కలు చేసుకుంటోంది. మామూలు పిల్ల. నన్ను చూసి నవ్వింది. దాన్ని చూస్తుంటే మొక్కుని ఒక్క మాట అనడానికి నోరు రాదు. అందుకే ఆ గది తలుపు దగ్గరికి వేశాను.

"ఓ సంగతి," అంది సావిత్రి. "ఆళ్ళు తినేటప్పుడు దగ్గరికి ఎల్లకు. మనిషి మాట సెవిన పడితే అన్నం మీంచి లేసిపోతారు. మళ్ళీ మర్నాడే తిండి."

అందుకే ఊరికి దూరంగా తింటారట. చుట్టూ డప్పులు కొడతారట, ఏ మాటా వినబడకుండా. నేను సరేనన్నాను. బిళ్ళల అట్ట సంచిలో వేసుకున్నాను.

అస్కా దగ్గర, తొమ్మిదో రోజు

గుంపు అస్కా వైపు ఉందని సావిత్రి చెబితే బస్సెక్కాను. దారంతా చెరకు. కొట్టేసిన మడులు కొన్ని, ఇంకా నిలబడ్డవి కొన్ని. బస్సు దిగి డప్పుల చప్పుడు పట్టుకుని నడిస్తే ఒక ఇంటి ముందు పదమూడు మంది మట్టిలో పడి ఉన్నారు. మొక్కున్న ఇంటివాళ్ళు పిలిచి, తమ వాకిట్లో దొర్లించుకుంటారు. దొర్లడం ఒక్కటే కాదు, ఆ మట్టిలోనే దుక్కి దున్నినట్టు, విత్తినట్టు, కోసినట్టు ఆడతారు. శంకరం ఇద్దరు మనుషుల్ని ఎద్దుల్లా పట్టుకుని దున్నుతున్నాడు. పుట్టి నాగలి ముట్టని మనిషి. కందిపప్పు ఏ జిల్లాదో వాసన చూసి చెప్పేవాడు, ఇప్పుడు ముక్కు నిండా దుమ్ముతో, ఎడమ కాలు పక్కకి వాల్చి ఈడుస్తున్నాడు. నాకు నవ్వు రావాల్సింది. రాలేదు.

ఆట అయ్యాక పందిరి నీడకి వచ్చాడు.

"ఏటి ఒదినా, నువ్వూ సూడ్డానికొచ్చావా?"

"తీసుకుపోడానికొచ్చాను."

"ఇంక నాలుగు రోజులే. నేనే వొస్తాను."

పాదం చూపించమన్నాను. చూపించలేదు. వాసన మాత్రం దాచలేకపోయాడు. ఏ తల్లయినా బిడ్డ కాలు కుళ్ళుతుంటే చూసి సంతోషిస్తుందా అని మొదటి ప్రశ్న వేశాను. అమ్మ సంతోషించడానికి కాదు, నేనిచ్చిన మాటకి అన్నాడు. అయితే రెండోది, రైల్లో నూరి పెట్టుకున్నది, తీశాను.

"ఆ వార్డులో ఎనిమిది మంచాలున్నాయట. మిగతా ఏడు మంచాల దగ్గర అమ్మానాన్నలు మొక్కుకోలేదా?"

 శంకరం మెడ మీద చెంబుతో నీళ్ళు పోసుకుంటున్న ఒక బక్క మనిషిని చూపించాడు. "నారాయణ. బాను పక్క మంచం ఈళ్ళ పిల్లోడిదే. ఆయన్నడుగు."

నారాయణ చెరకు కొట్టే కూలి. ఏడేళ్ళ కొడుకు. అదే జ్వరం, అదే మెట్లు, అదే అమ్మకి అదే మొక్కు. బాను కళ్ళు తెరిచిన రోజే పిల్లాడు పోయాడు. ఆ మనిషి శంకరంతో కలిసి నిరుడూ నడిచాడు, ఈ ఏడూ నడుస్తున్నాడు. నాకు వచ్చిన ఒడియాలో, ఇవ్వని అమ్మ కోసం ఎందుకు నడుస్తున్నావని అడిగాను. అలా అడగడానికి ఎంత మొరటుతనం కావాలో ఇప్పుడు తెలుస్తోంది.

"మావుసీ," అన్నాడు, పిన్నిని పిలిచినట్టు. "ఎందుకు తీసుకున్నావని అడగాలి. అడగాలంటే ఎదురుగా నిలబడాలి కదా. ఇంట్లో కూచుని ఎవర్ని అడగను?"

"జవాబు చెప్పిందా?"

"లేదు. ఇంకా నాలుగు రోజులుంది."

నా ప్రశ్న అతని దగ్గర ఎప్పటినుంచో ఉంది. నాకన్నా పదునుగా ఉంది. దానికి రోజూ కాళ్ళు కాల్చుకుంటున్నాడు. నేను దాన్ని రైల్లో జీడిపప్పు నములుతూ తయారు చేశాను.

అయినా ఊరుకుంటానా. శంకరం దగ్గరికొచ్చి ఆఖరి ప్రశ్న వేశాను. ఏం జరిగితే నీ నమ్మకం తప్పని ఒప్పుకుంటావు? ఒక్కటి చెప్పు, చాలు.

"బాను పోయుంటే ఒప్పుకునేవాణ్ణా అని నన్ను నేనే అడుక్కున్నాను ఒదినా. నారాయణని సూశాక అదీ సెప్పలేకపోతన్నాను," అన్నాడు. "నీకో? ఏటి జరిగితే నమ్ముతావు?" అన్నాడు.

సరుకు చూపిస్తే చూద్దాంలే అని నవ్వేశాను.

దించలేనని అర్థమయ్యాక, కనీసం ఏదో ఒకటి గెలుచుకుని పోవాలనిపించింది. ఇంక ప్రశ్నలు వేయను, నువ్వు షుగర్ బిళ్ళ వేసుకో అన్నాను. మందు తిండి కాదు కదా, దీక్ష చెడదు కదా అని గుంపులోని పెద్ద భోక్త చేత కూడా అనిపించాను. డెబ్భై దాటిన మనిషి ఆయన, షుగర్ బిళ్ళ అంటే ఏమిటో ఆయనకి తెలియదు. శంకరం అరగంట నన్ను ఏడిపించి, చివరికి తిండికి ముందు ఒక బిళ్ళ వేసుకోవడానికి ఒప్పుకున్నాడు. నా ముందే మింగాడు. దుకాణంలో సరుకు మొత్తం అమ్మినంత సంతోషమయింది నాకు.

ముంజలమ్మి

వాళ్ళు తినడానికి చెరకు తోట అవతలికి వెళ్ళారు. నేను మాట ప్రకారం దూరంగా, రోడ్డు మీద నిలబడ్డాను. డప్పులు మోగుతున్నాయి.

అప్పుడొచ్చింది ఆవిడ, తల మీద ముంజల గంపతో. ఆ ఎండలో ముంజలు చూస్తే ప్రాణం లేచొచ్చింది. డజను అరవై అంది. నేను నలభై అన్నాను. ఆవిడ గంప ఎత్తబోయింది, నేను చెయ్యి పట్టుకున్నాను. డప్పుల్లో వినబడదని ఇద్దరం గొంతులు పెంచాం. యాభై ఐదుకి వచ్చింది. యాభైకి ఇవ్వవే తల్లీ అని నేను అరిచిన అరుపు, నా చెవులకే పెద్దగా వినబడింది.

డప్పులు ఆగి ఉన్నాయి. వాయించేవాళ్ళలో పెద్దవాడు పట్టీ జారి భుజం మార్చుకుంటే మిగతావాళ్ళూ ఆగారట. అంతే, ఒక్క ఊపిరి సేపు.

చెరకు ఆకుల సందుల్లోంచి పదమూడు తలలు లేవడం కనబడింది. ఒక్కరూ నావైపు చూడలేదు, ఒక్కరూ తిట్టలేదు. అన్నం, పప్పుచారు, కాల్చిన వంకాయ ఉన్న విస్తళ్ళు మడిచి, గుంట తీసి పూడ్చేశారు. అప్పుడే కూర్చున్నారట. శంకరం మొదటి ముద్ద కలుపుతున్నాడట.

ముంజలమ్మి నన్ను చూసి, గంప అక్కడే దింపి, ముంజలు నా కాళ్ళ దగ్గర పోసేసి వెళ్ళిపోయింది. డబ్బులు తీసుకోలేదు. అలాంటి బేరం కూడా ఉంటుందని నాకు తెలియదు.

చెరకు గట్టు

పెద్ద భోక్త దగ్గరికి పరుగెత్తాను. బిళ్ళ వేసుకున్నాడు, తినకపోతే పడిపోతాడు, ఏదో ఒకటి పెట్టనివ్వండి అన్నాను. నువ్వే కదమ్మా మందు తిండి కాదన్నావు అన్నాడాయన. ఎత్తిపొడుపు కాదు, నిజంగా అర్థం కాక. శంకరం దగ్గరికి వెళితే, అమ్మ సూసుకుంటాది ఒదినా, నువ్వు గాబరా పడకు అని నన్నే ఓదార్చాడు.

తర్వాతి ఊరికి నడక మొదలైంది. నేను వెనకాలే నడిచాను. పొద్దు గుంకుతుండగా శంకరానికి చెమటలు పోశాయి. చొక్కా లేని వీపు మీద వాన పడ్డట్టు. ఒదినా, పెసలు తడిసిపోతున్నాయి, టార్పాలిన్ కప్పమను అన్నాడు. చుట్టూ ఎక్కడా పెసలు లేవు. రెండడుగులు వేసి చెరకు గట్టు మీద వాలిపోయాడు.

గుంపు చుట్టూ చేరింది. నోట్లో తీపి వెయ్యండి అని అరిచాను. ఎవరూ కదల్లేదు. దీక్షలో ఉన్నవాడికి రెండోసారి తిండి పెడితే పాపం పెట్టినవాడిది, తిన్నవాడిది, మొత్తం గుంపుది. అందరూ పెద్ద భోక్త ముఖం చూశారు.

నారాయణ ఒక్కడే మడిలోకి దిగి చెరకు గడ విరిచాడు. పళ్ళతో పెచ్చులు చీల్చి, నమిలి, ఆ రసం అరచేతిలోకి ఊసి, శంకరం పెదవుల మధ్య పోశాడు. మళ్ళీ నమిలాడు. ఎవడో వద్దని అరిచాడు. పెద్ద భోక్త వెనక్కి తిరిగి, పడమటి వైపు చూస్తూ నిలబడ్డాడు. నారాయణ ఆపేదాకా అటు నుంచి ఇటు తిరగలేదు. ఆయన ఒప్పుకున్నాడో, చూడలేకపోయాడో నాకు తెలియదు.

శంకరం కళ్ళు మూతపడే ఉన్నాయి. ఊపిరి మాత్రం నిలబడింది.

వ్యానులో

చెరకు మోసే చిన్న వ్యాను దొరికింది. డ్రైవరు ఎంతంటే అంత అన్నాను. శంకరం తల నా ఒళ్ళో. నారాయణ కాళ్ళ దగ్గర కూర్చుని ఆ పాదాన్ని ఎత్తి పట్టుకున్నాడు, కుదుపులకి తగలకుండా. కట్టు ఊడింది. బొటనవేలు, పక్క వేలు నల్లగా ఉన్నాయి.

ఎప్పుడు మొదలెట్టానో తెలియదు, నేను అమ్మవారితో మాట్లాడుతున్నాను. మొదట వెండి కళ్ళు చేయిస్తానన్నాను. శంకరం కదల్లేదు. బంగారు ముక్కుపుడక అన్నాను. నా గాజులు రెండూ అన్నాను. బతుకంతా తగ్గించడమే తెలిసినదాన్ని, ఆ దారిలో నేనే పెంచుకుంటూ పోయాను. ఇవ్వడానికి ఇంక ఏముందని వెతుక్కుంటే నోరొక్కటే కనబడింది. అమ్మా, ఇతన్ని లేపు, నీ విషయంలో ఇతని దగ్గర నేనింక నోరు విప్పను అన్నాను.

బరంపురం పొలిమేరలో శంకరం మూలిగాడు.

ఆసుపత్రి

ఉపవాసమున్న మనిషికి ఈ బిళ్ళ ఎవరు వేశారని డాక్టరు అడిగాడు. నేనే వేశానన్నాను.  రెండు వేళ్ళు తీసేశారు. విషం పైకి పాకితే మోకాలి దాకా పోతుంది, రెండు రోజులు చూడాలన్నారు. నారాయణ ఆ మెట్ల దాకా వచ్చి ఆగిపోయాడు. లోపలికి రాలేదు. మర్నాడు అతన్ని గుంపు మళ్ళీ కలుపుకుందో లేదో అడగడానికి కూడా నాకు తీరలేదు.

మూడో రోజు పొద్దున్న శంకరానికి తెలివి పూర్తిగా వచ్చింది. సావిత్రి గంజి తాగిస్తోంది. అతను చెంచా పక్కకి నెట్టి నన్ను పిలిచాడు.

"ఒదినా, తినకూడని ఏళ నా నోట్లో తిండి పడింది. ఈ ఏడు మొక్కు పోయినట్టే. మళ్ళీ మొదట్నించి మూడేళ్ళు ఎత్తుకోవాలి. లేదంటే అమ్మ బానుని అడుగుతాదేమోనని బయ్యం." ఊపిరి తీసుకున్నాడు. "నువ్వడిగినవాటికి నా దగ్గర జవాబుల్లేవు. తెలివొచ్చిన కాణ్ణించి ఎతుకుతున్నాను. నువ్వు సెప్పు. ఎల్లొద్దంటే మానేస్తాను."

నేను ఈ ఒక్క మాట కోసమే నరసన్నపేట నుంచి వచ్చాను. సావిత్రి చెంచా పట్టుకుని నా ముఖం చూస్తోంది.

జ్వరం ఇంకా దిగలేదు. మోకాలి సంగతి సాయంత్రం చెప్తామన్నారు. నేనిప్పుడు అమ్మవారికిచ్చిన మాట తప్పితే ఆ కాలు పోతుందేమోనని భయమేసింది. ఏం జరిగితే నీ నమ్మకం తప్పని ఒప్పుకుంటావని అడిగిన మనిషిని, మంచం పక్కన నిలబడి, ఒక్క అక్షరం పలకలేకపోయాను.

 "అంటే ఎల్లమనే," అని శంకరం కళ్ళు మూసుకున్నాడు.

ఇంటికొచ్చాక

మోకాలు నిలిచింది. మూడు వేళ్ళతో, కర్ర సాయంతో దుకాణానికి వెళుతున్నాడు. రేపు వచ్చే చైత్రంలో దండ కడుతున్నాడు. సావిత్రి వారానికోసారి ఫోన్ చేస్తుంది. నువ్వొక్క మాట అనప్పా అంటుంది. నేను ఎండల గురించి మాట్లాడి పెట్టేస్తాను. వ్యానులో నేను మొక్కిన మొక్కు నమ్మితే నోరు మూసుకోవాలి, అతను మట్టిలో చస్తాడు. నమ్మకపోతే ఎప్పుడో నోరు తెరవాల్సింది. ఎటూ కాని మనిషి ఎంత నీచంగా ఉంటుందో చూడాలంటే గంజాం దాకా వెళ్ళక్కర్లేదు.

నేను నోరు విప్పనన్నాను. రాయనని అనలేదు. ఇది దుకాణదారు కూతురి దొంగ తెలివి, ఒప్పుకుంటున్నాను. శంకరం ఒడియా బడిలో చదివాడు, తెలుగు మాట్లాడతాడు గానీ ఒక్క అక్షరం చదవలేడు. సావిత్రికి చదవడం వచ్చు. దీనికి అమ్మవారు ఏదైనా అడిగితే నన్నే అడగాలి, ఆ ఇంట్లోవాళ్ళని కాదు అని షరతు పెట్టబోయి, ఆపుకున్నాను. ఈసారి షరతులు లేవు.

సావిత్రీ, ఇక్కడిదాకా చదివావు కదా. ఇప్పుడు అతని పక్కన కూర్చుని, అతనికి వినబడేలా పైకి చదువు. వెళ్ళొద్దు శంకరం.